అడ్డగీతల గడిలో నిలిచిన కాయ

నల్లగొండ జిల్లా పడమటి కొనయందు, రంగారెడ్డి జిల్లా సరిహద్దును ఆనుకొని యున్న మర్రిగూడ మండలమునకు దేశమంతట పేరు వచ్చినది నీటి వలన. ఆ నీటిలోని ఫ్లోరైడు కంటికి కనబడక, నాలుకకు తెలియక, తరముల తరబడి ఎముకలలో చేరి, పిల్లల కాళ్లను వంకరలు త్రిప్పి, పెద్దల వెన్నెముకలను బిగదీసినది. ఈ మండలములోని శివన్నగూడెమునకు చెందిన అంశల స్వామి 2023 జనవరిలో కన్నుమూయు వఱకు తన వంగిన దేహమునే సాక్ష్యముగా లోకము ఎదుట నిలిపి, ఆ నీటి పోరాటమును విడువలేదు. ఎముక వంగిన యెడల ఎక్స్‌రే చూపును, ఫోటో చూపును, చూచినవారు నమ్ముదురు. మనస్సు లోపల వంగిన ఎముకను చూపు ఎక్స్‌రే ఏదియు లేదు. దానిని అనుభవించువాడు మాటలతోనే చూపవలెను. ఆ మాటలే అతనికి దొరకవు. ఈ వ్యాసము ఆ మాటలను గూర్చి, అవి మన ఆటలలో దొరకుటను గూర్చి.

వైద్యులు పీటీఎస్‌డీ అని పిలుచు వ్యాధి ఒకటి కలదు. చావును దగ్గఱనుండి చూచినవారికి, మానభంగమునకు గుఱియైనవారికి, దెబ్బలు తిన్న పిల్లలకు, అగ్నిలోనుండియు వరదలోనుండియు బయటపడినవారికి, ఆ ఘోరము ముగిసిన తరువాత నెల దాటినను మనస్సు దానినుండి బయటపడక, అది మఱల మఱల కండ్లయెదుట జరుగుచున్నట్లే తోచుచు, దానిని జ్ఞప్తికి తెచ్చు చోట్లను మనుష్యులను తప్పించుకొని తిరుగుచు, చిన్న చప్పుడునకు ఉలికిపడుచు, నిద్రపట్టక, తనమీదను లోకముమీదను విసుగుపుట్టి యుండుటయే దీని లక్షణము. వియత్నాము యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుల బాధను చూచిన పిమ్మట అమెరికా మానసిక వైద్యుల సంఘము 1980లో దీనికి ఈ పేరును శాస్త్రగ్రంథమున ఎక్కించినది. పేరు క్రొత్తది గాని వ్యాధి క్రొత్తది గాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము లోకములో నూటికి సుమారు 70 మంది తమ జీవితకాలమున ఏదో యొక ఘోరానుభవమును పొందుదురు. అట్టివారిలో ఈ వ్యాధి పాలగువారు నూటికి 6 మంది కన్న తక్కువ. కావున ఇది పిఱికితనము వలన వచ్చునది గాదు, ధైర్యము వలన ఆగునది గాదు; ఎవరిని పట్టునో ముందుగా చెప్ప వీలులేనిది.

మన ప్రాంతమునకు ఇది దూరపు సంగతి యనుకొనరాదు. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున బెంగళూరునుండి హైదరాబాదుకు వచ్చుచున్న బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెము వద్ద కల్వర్టును ఢీకొని తగులబడగా 45 మంది ప్రాణములు కోల్పోయిరి. పత్రికలు చనిపోయినవారిని లెక్కించినవి. బయటపడిన కొందఱి రాత్రులను లెక్కించువారు ఎవరు? 2007 ఆగస్టు 25న హైదరాబాదు లుంబినీ పార్కునందును గోకుల్ చాట్ వద్దను బాంబులు ప్రేలి 40 మందికి పైగా మరణించిరి. 2013 ఫిబ్రవరి 21న బాంబులు ప్రేలిన దిల్‌సుఖ్‌నగర్ నల్లగొండ బస్సులు దిగువారికి ఇంటిగడప వంటిది. ఇంకను వెనుకకు పోయినచో, నల్లగొండ జిల్లా నేలమీదనే జరిగిన తెలంగాణ సాయుధ పోరాటములో అడవులు పట్టి తిరిగిన స్త్రీలు దాదాపు నాలుగు దశాబ్దములకు స్త్రీశక్తి సంఘటన వారు అడిగిన పిమ్మట నోరు విప్పి చెప్పిన సంగతులు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’యై వెలువడినవి. అంతకాలము అడిగినవారు లేక ఆ మాటలు కడుపులోనే యుండెను.

మా పల్లెలలో ఈ స్థితికి మాటలు బొత్తిగా లేకపోలేదు. "పిల్లగాడు జడుసుకున్నడు" అందురు. "బుగులు వట్టుకున్నది" అందురు. మఱికొంత ముదిరిన యెడల "గాలి సోకింది" అని అంత్రము కట్టింతురు, దర్గాకు కొనిపోయి ఊది వేయింతురు. ఆ మాటలను నేను తేలికచేయను. వానిలో ప్రేమ కలదు, ఇంటివారి ఆందోళన కలదు. ఐనను అవి బుగులు పట్టిన క్షణమును చెప్పునే కాని, ఆ బుగులుతో దినదినమును బ్రదుకుట ఎట్లుండునో చెప్పజాలవు. అక్కడనే ఆటలు పనికివచ్చుచున్నవి.

తెలుగువారికి ఆటలు క్రొత్తగావు. పాలమూరు సీమకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’యందు రాజులతోపాటు ప్రజల వినోదములను గూడ చరిత్రగా ఎంచి, ఆయా కాలముల ఆటపాటలను శ్రద్ధతో ఏరి కూర్చిరి. నేడు ఏ పల్లెకు పోయినను రెండు తరముల ఆటలు ప్రక్కప్రక్కనే కానవచ్చును. గుడి అరుగుమీద సుద్దతో గీసిన ఐదైదుల ఇరువదియైదు గళ్ల అష్టాచెమ్మ చుట్టు పెద్దలు గవ్వలు విసరుచుందురు. అదే అరుగుకు కొంచెము దూరమున, చెవులలో ఇయర్‌ఫోన్లు దోపుకొని, తలలు వంచి, బొటనవ్రేళ్లను ఎడతెగక కదపుచు కుఱ్ఱవాండ్రు ఫోనులో తుపాకుల ఆట ఆడుచుందురు. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వము పబ్‌జీ అను ఆ ఆటను నిషేధించినను, మఱుసటి సంవత్సరమే అది వేఱు పేరుతో వచ్చినది. దాని పరిభాష ఊరూర పిల్లల నోళ్లలో నాటుకొన్నది. జోన్ అనిన, నాక్ అనిన, రివైవ్ అనిన తెలియని యువకుడు నేడు అరుదు.

ఒక యువకుని తలచుకొందము. ఇతడు ఒక్కడు గాడు. ఇట్టి పెక్కుమంది బాధలను కలిపి నేను కూర్చిన రూపము. మాల్ అను ఊరు దాటిన పిమ్మట నాగార్జున సాగర్ రోడ్డు మీద, రాత్రివేళ, మోటారు సైకిలు నడుపుచుండగా లారీ తగిలినది. వెనుక కూర్చున్న స్నేహితుడు అక్కడికక్కడే పోయినాడు. ఇతనికి కాలు విఱిగినది. కొన్ని నెలలకు అతికినది. ఇంటివారి దృష్టిలో కథ అంతటితో ముగిసినది. ఇతనికి మాత్రము అప్పుడే మొదలైనది.

మొదటిది చప్పుడు. తుపాకుల ఆటలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొనుట ముచ్చటకు గాదు. శత్రువు అడుగుల సవ్వడి ఏ దిక్కునుండి వచ్చుచున్నదో వినుటకు. ఆడువాని మెడ బిగిసియుండును, ఊపిరి సన్నబడియుండును, పిలిచినను పలుకడు. ఆట అరగంటలో ముగియును. అతడు ఇయర్‌ఫోన్లు తీసి, మెడ విఱుచుకొని, చాయ్ త్రాగుటకు పోవును. మన యువకుని చెవులలోని ఇయర్‌ఫోన్లు ఊడిరావు. బజారులో లారీ హారన్ మ్రోగిన యెడల అరచేతులలో చెమట. ఎవరైన వెనుకనుండి భుజము తట్టిన యెడల చేయి లేచును. రాత్రి తలుపువైపు ముఖము పెట్టియే పండుకొనును. మెదడులో ప్రమాదమును కనిపెట్టి గంట కొట్టు చిన్న భాగము ఒకటి కలదు, దాని పేరు అమిగ్డలా. ఆ గంటను విని "ఇది పాతది, ఇప్పుడు అపాయము లేదు" అని సర్దిచెప్పవలసిన నుదుటి వెనుకటి భాగము ఈ వ్యాధియందు బలహీనపడును. శత్రువు లేని మైదానమున ఒంటరిగా, రాత్రింబవళ్లు, ఆట ముగిసెనని చెప్పువారు లేక ఆడుచున్నవాడు ఇతడు. ఆటలో హెల్త్ అను ప్రాణబలము పొద్దున్న లేచునప్పటికే ఇతనికి సగము అయిపోయి యుండును. తక్కినవారు నిండు బలముతో దినమును మొదలుపెట్టగా, ఇతడు సగముతో మొదలుపెట్టి, మధ్యాహ్నమునకే అలసి ఒఱిగినచో, "సోమరి" అను పేరు వచ్చును.

రెండవది, నా దృష్టిలో అన్నిటికన్న ముఖ్యమైనది, జోన్. ఈ ఆటలో ఒక గుండ్రని సరిహద్దు ఉండును. దాని లోపలనున్నవారు క్షేమము, బయట నున్నవారికి క్షణక్షణమును ప్రాణము తఱుగును. ఆ వలయము నిలకడగా ఉండక, కొంతసేపటికి ఒకసారి కుంచించుకొనిపోవుచుండును. "అన్నా, జోన్ వస్తుంది, ఉర్కు!" అని పిల్లలు కేకలు పెట్టుట అందుకే. మన యువకుడు మొదట ఆ మలుపును మానినాడు. తరువాత సాగర్ రోడ్డునే మానినాడు. పిమ్మట మోటారు సైకిలును, పిమ్మట బస్సును, పిమ్మట జనము కూడు పీర్ల పండుగను, బతుకమ్మను, పెండ్లిండ్లను మానినాడు. చివరకు అతని వలయము లోపలి గదిలోని మంచమంత అయినది. మానిన ప్రతిసారియు గుండె దడ తగ్గి ఊఱట కలిగినది. ఆ ఊఱటయే "మానుట వలన బ్రదికితిని" అని మనస్సునకు పాఠము చెప్పినది. ఆ పాఠమే మఱుసటి దినమున వలయమును ఇంకొంచెము బిగించినది. ఫోనులోని జోన్‌ను కంపెనీవారు కుదింతురు. ఈ జోన్‌ను కుదించునది అందులో దాగినవాని ఊఱటయే. ఈ యొక్క సంగతి తెలిసినచో ఈ వ్యాధిలో సగము తెలిసినట్లు.

పెద్దలకు జోన్ తెలియకపోవచ్చును. వారికి అష్టాచెమ్మ తెలియును. ప్రతి ప్రక్క నడిమి గడిలోను, నట్టనడుమ గడిలోను, అడ్డగీతలు గీసియుండును. ఆ గళ్లలోనున్న కాయను ఎవరును చంపరాదు. తక్కిన గళ్లలో ఎదుటివాని కాయ వచ్చి పడిన యెడల చచ్చి, మొదటికి పోవలసినదే. అందువలన క్రొత్తగా ఆడు పిల్లలు అడ్డగీతల గడిలోనికి కాయను చేర్చి, గవ్వలు ఎంత మంచి పందెము వేసినను దానిని కదపక, వేఱు కాయను నడుపుచుందురు. ఆ కాయ చావదు, పండదు గూడ. నా మాటలను విడిచి, ఆ యువకునికిని అతని మేనమామకును నడుమ సంభాషణము ఒకటి ఇట్లు జరిగినదని ఊహింతును:

"మామా, నువ్వు ఆడేటప్పుడు కాయ గీతల గడిల ఉంటె ఎవ్వలు సంపరు గదా? నేను గా గడిలనే ఉన్న. బయట కాలు వెడ్దామంటే బుగులైతంది."

"మరి గాడ్నే కూసుంటె కాయ ఎట్ల పండుతది అల్లుడా?"

"నాకూ ఎరుకనే మామా. ఒక్కన్ని ఎల్లలేను. నువ్వు ఎంబడి ఒస్తె ఒక గడి జరుగుత."

వైద్యశాస్త్రము ఇంతకన్న వేఱుగా చెప్పదు. అమెరికాకు చెందిన ఎడ్నా ఫోవా రూపొందించిన చికిత్సా విధానమున, సామాన్యముగా 8 మొదలు 15 వారముల పాటు, రోగి వారమునకు ఒకసారి వైద్యునియొద్ద కూర్చుండి ఆ ఘోరమును మొదటినుండి చివఱ వఱకు నోటితో చెప్పును. ఇంటికి పోయి, మానివేసిన పనులను ఒక వరుసలో వ్రాసికొని, అన్నిటికన్న తేలికైనదానితో మొదలుపెట్టును. మొదట ఆగియున్న లారీని దూరమునుండి చూచుట. అక్కడనే, గుండె దడ పెరిగి, పెరిగి, తనంతట తాను దిగువఱకు నిలుచుట. మఱునాడు మఱల అదే. తరువాత దాని ప్రక్కగా నడచుట. ఆ పిమ్మట బస్సులో మాల్ వఱకు. తప్పించుకొని పోకుండ నిలిచినప్పుడు దడ దిగిపోవుననునది దేహము స్వయముగా నేర్చుకొనవలసిన పాఠము; మఱియొకరు చెప్పిన రాదు. కన్నుల కదలికలతో చేయు ఈఎమ్‌డీఆర్ అను మఱియొక పద్ధతి గలదు. సెర్ట్రలిన్, పారోక్సెటిన్ వంటి మందులు గలవు. ఇవి లేకుండ, "పో, ధైర్యము తెచ్చుకో" అని నెట్టి సాగర్ రోడ్డు మీద నిలబెట్టుట చికిత్స గాదు. అది కాయను గడిలోనుండి విసరివేయుట.

ఆటలన్నియు సమానముగా ఉపకరింపవు. వైకుంఠపాళి పటము మనకు ఎంత ప్రియమైనదైనను, ఈ వ్యాధిని దానితో పోల్చుటకు నేను సమ్మతింపను. బాగుపడుచున్నవాడు ఒక్క పటాకా చప్పుడుతో మఱల మొదటికి వచ్చినప్పుడు "పాము మ్రింగినది" అనుట నోటికి తేలికగా వచ్చును. కాని ఆ పటములో పాములు పాపములకు గుర్తులు, నిచ్చెనలు పుణ్యములకు గుర్తులు. స్నేహితుడు పోయి తాను మిగిలినందుకే తన్ను తాను దోషిగా ఎంచుకొని కుములుచున్నవానికి, పడుట నీ పాపఫలమను పటమును చూపుట క్రూరత్వము. పైగా అతడు నిజముగా మొదటి గడికి పోవుట లేదు. నేర్చినది నేర్చినట్లే యుండును, నిలిచిన చోట మఱల నిలువగలడు.

తుపాకుల ఆటయందు నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆకర్షించినది రివైవ్. దెబ్బతిన్నవాడు వెంటనే చావడు, నాక్ అయి, మోకాళ్లమీద ప్రాకుచుండును, తుపాకి ఎత్తలేడు. జట్టులోని మఱియొకడు వచ్చి, అతని ప్రక్కన మోకరించి, కొన్ని క్షణముల పాటు కదలకుండ ఉండవలెను. ఆ సేపు అతడు కాల్చలేడు, పరుగెత్తలేడు. తానును గుఱి అగును. మధ్యలో లేచిపోయిన యెడల అంతయు వ్యర్థము. ఇంటివారు చేయవలసినది ఇదియే. "ఏమైంది, ఎందుకైంది, ఎప్పుడు తగ్గును" అను ప్రశ్నల వర్షము కాదు. రాత్రి రెండు గంటలకు అతడు లేచి కూర్చున్నప్పుడు దీపము వేసి, "ఇది మన ఇల్లు, నేను మీ అమ్మను, ఇయ్యాల శుక్రవారం" అని మెల్లగా చెప్పి, ప్రక్కన కూర్చుండుట. గతములోనికి జారిన మనస్సును వర్తమానమునకు తెచ్చుటకు వైద్యులును ఇట్లే చేయుదురు. చుట్టునున్న వస్తువుల పేర్లు చెప్పింతురు, చల్లని నీటిలో చేతులు ముంచుమందురు.

ఆటకును వ్యాధికిని ఉన్న భేదమును గూడ చెప్పకున్న అన్యాయమగును. ఆటలోనికి మనము కోరి దిగుదుము. ఇందులోనికి ఎవరును కోరి దిగలేదు. ఆటలో చచ్చినవాడు మఱుసటి మ్యాచ్‌లో నిండు ప్రాణముతో లేచును. ఆ రాత్రి పోయిన స్నేహితుడు లేవడు. అందుచేత ఈ పోలికలను బాధితుడు తన నోట చెప్పుకొనుట వేఱు, ఎదుటివారు అతనిమీద రుద్దుట వేఱు. "నీ హెల్త్ ఇయ్యాల ఎంతుంది?" అని తమ్ముడు అడుగవచ్చును, అన్న ఆ భాషను తానే ఎంచుకొన్న యెడల.

ఆటలు పోలికలకే గాక పనికిని వచ్చుచున్నవి. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ కల్పించిన టెట్రిస్ అను ఇటుకలు పేర్చు ఆటను తీసికొని, ఎమిలీ హోమ్స్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రి అత్యవసర విభాగమున ఒక ప్రయోగము చేసినది. రోడ్డు ప్రమాదములలో చిక్కిన 71 మందిలో కొందఱిచేత, ఆరు గంటలలోపల, ప్రమాదమును ఒకసారి స్మరింపజేసి, ఆ పిమ్మట ఆ ఆటను ఆడించిరి, మిగిలినవారిచేత ఆడింపలేదు. ఆడినవారికి తరువాతి వారములో తలవని తలంపుగా వచ్చి పడు భయంకర దృశ్యములు రెండవవారికన్న 62 శాతము తక్కువగా వచ్చినవని 2017లో ప్రకటించిరి. దృశ్యము మనస్సులో గట్టిపడుచున్న వేళ, రంగురంగుల ఇటుకలను త్రిప్పి పేర్చుటకు ఆ మనస్సే కావలసివచ్చుటచేత, దృశ్యమునకు చోటు తగ్గునని వారి ఊహ. ఇది ఒక్క వారపు ఫలితము, చిన్న ప్రయోగము. దీనిని చూచి పిల్లవాని చేతికి ఫోను ఇచ్చి, వ్యాధి తగ్గునని ఊరకుండరాదు. వ్యాధి ముదిరినవాడు రాత్రియంతయు ఫోనులో మునిగియుండుట పెక్కుసారులు తప్పించుకొనుటయే; అదియు అడ్డగీతల గడియే. అమెరికాలో సైనికుల కొఱకు తయారుచేసిన యుద్ధపు వీడియో ఆటను మార్చి, ఇరాక్‌నుండి వచ్చినవారిని ఆ వీధులలో మఱల వైద్యుని ప్రక్కన నడిపించు చికిత్సను గూడ కల్పించినారు. అందులో విలువ ఆటకు గాదు, ప్రక్కనున్న వైద్యునికి.

మర్రిగూడనుండి వైద్యము అందరాని దూరమున లేదు. నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది, దాని ఆసుపత్రిలో మానసిక వైద్యులను చూడవచ్చును. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము గలదు. ఎర్రగడ్డ పేరు మన నోళ్లలో తిట్టుగా మారినందున ఎంతమంది ఆ గడప తొక్కక ఆగిపోవుచున్నారో తలచినప్పుడు నాకు దుఃఖము కలుగును. ఆ పేరును తిట్టుగా వాడుట మనము మానవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ఈ చికిత్స పొందుట ప్రతివాని హక్కు. ఆసుపత్రికి పోవుటయే బుగులైనవారికి, లోపలి గదిలోని మంచమునుండియే పలుకుటకు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ కలదు. దాని నంబరు 14416. పగలు రాత్రి ఎప్పుడైనను, ఉచితముగ, తెలుగులో మాటాడవచ్చును. మీ యింట నట్టివారు లేకున్నను, ఆ నంబరును మీ ఫోనులో ఇప్పుడే వ్రాసికొనుడు, ప్రక్కయింటివారికి కావలసిరావచ్చును.